జూన్ 5 నిర్వాహకులకు: ముందు పోయినేడాది మొక్కల లెక్క చెప్పండి

విజయవాడలో ఏటా ప్రపంచ పర్యావరణ దినోత్సవం జరిపే కళాశాలల యాజమాన్యాలకు, జాతీయ సేవా పథకం బాధ్యులకు, వాకర్స్ సంఘాలకు, కాలనీ సంక్షేమ సంఘాలకు, వ్యాపార సంస్థల సామాజిక బాధ్యతా విభాగాల వారికి నమస్కారాలు.

పోయిన జూన్ 5న గుణదలలో మా వీధి మొదటి నుంచి కాలువ వంతెన దాకా పదకొండు మొక్కలు నాటారు. నిన్న ఉదయం పాల ప్యాకెట్టు కోసం వెళ్ళి వస్తూ వాటిని లెక్కపెట్టాను. రెండు బతికి ఉన్నాయి. పోయిన తొమ్మిదింటిలో నాలుగింటి చోట ఇనుప ట్రీగార్డులు మాత్రం నిలబడి ఉన్నాయి. వాటికి బిగించిన దాతల పేర్ల రేకులు చెక్కు చెదరలేదు. ఒక ట్రీగార్డులో ఎండుపుల్లలా మిగిలిన మొక్కను పట్టుకుని కాస్త లాగితే వేళ్ళతో సహా చేతిలోకి వచ్చేసింది. వేళ్ళ చుట్టూ నర్సరీవాళ్ళ నల్ల పాలిథిన్ కవరు అలాగే ఉంది. ఆ రోజు ఫొటో తొందరలో ఎవరో కవరు చింపకుండానే మొక్కను గుంతలో దించి, పైన మట్టి కప్పి, చెంబెడు నీళ్ళు పోసి వెళ్ళిపోయారన్నమాట. గుప్పెడు ఎర్రమట్టిలోనే సుడులు తిరిగి, కవరు అడుగున చుట్టలు చుట్టుకుని ఎండిపోయిన ఆ వేళ్ళను చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

బతికిన రెండింటిలో ఒకటి కానుగ. అది ఇస్త్రీ బండి ఎదురుగా ఉంది. బండి అతను రోజూ సాయంత్రం బట్టల మీద చల్లగా మిగిలిన నీళ్ళు దాని పాదులో పోసి ఇంటికి వెళతాడు. ఎందుకు పోస్తున్నావని అడిగితే, "ఇంకో రెండేళ్ళు పోతే బండి దాని నీడన పెట్టుకోవచ్చు కదా టీచరుగారూ" అన్నాడు. అతను ఏ ప్రతిజ్ఞా చేయలేదు, ఏ ర్యాలీలోనూ నడవలేదు, జూన్ 5న ఏం జరుగుతుందో కూడా అతనికి తెలియదు.

బయట నిలబడి వేలు చూపించడానికి ఈ లేఖ రాయడం లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పాను. 2001లో బడుల్లో పర్యావరణ క్లబ్బులు నడిపే జాతీయ హరిత దళం మొదలైన తరువాత మా బడిలో ఆ క్లబ్బు బాధ్యత చాలా ఏళ్ళు నాదే. ఎన్ని ర్యాలీలు తీయించానో, ఎన్ని ప్లకార్డులు పిల్లల చేత రాయించానో, ఎన్ని నివేదికలకు ఫొటోలు జతచేసి పైకి పంపానో ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గుగా ఉంటుంది. మా బడి ప్రహరీ వెంట మొక్కలు నాటించేవాళ్ళం. వేసవి సెలవులు అయ్యి బడి తెరిచేసరికి చాలా మటుకు పోయేవి. మళ్ళీ జూన్ వచ్చేది, మళ్ళీ మొక్కలు వచ్చేవి. ఒక ఏడాది గుంతలు తీయమని చెప్పినప్పుడు ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు గునపం పట్టుకుని, "కొత్తవి తవ్వాలా టీచర్, పోయినేటి గుంతలే ఉన్నాయిగా" అని అడిగాడు. వెటకారం కాదు, వాడు నిజంగానే పని తేలిక అవుతుందని అడిగాడు. మేం ఆ గుంతల్లోనే నాటాం. నివేదికలో మాత్రం ఏటా కొత్త అంకె చేరేది. ఆ అంకెలన్నీ కూడి చూస్తే మా బడి ఆవరణ ఈపాటికి కొండపల్లి అడవి అంత చిక్కగా ఉండాలి.

పర్యావరణ ప్రచారాల వల్ల జనం నిజంగా కదులుతారా అన్న ప్రశ్న ఈ మధ్య తరచుగా వింటున్నాను. ప్రచారం దండగ అనేవాళ్ళు ఒక పక్క, అవగాహన వస్తే అన్నీ వాటంతట అవే వస్తాయనేవాళ్ళు మరో పక్క వాదించుకుంటున్నారు. నా అనుభవం ఇద్దరికీ సరిపడదు. మనం చెప్పిన పని చేయడానికి మనిషికి ఒక చోటు, ఒక వస్తువు, ఒక వేళ చూపించి, తరువాత వచ్చి అది జరిగిందో లేదో అడిగిన ప్రచారాలు ఈ దేశంలోనే గొప్పగా ఫలించాయి. అవేవీ లేకుండా సాగేవి వచ్చినవాళ్ళకు ఒక పూట తృప్తి ఇచ్చి ఇంటికి పంపేస్తాయి. ఆ తృప్తే నాకు భయం. నా వంతు అయిపోయిందని అనుకున్న మనిషిని మళ్ళీ కదిలించడం, అసలేమీ చేయని మనిషిని కదిలించడం కంటే కష్టం.

ముందు తేదీ సంగతి చెబుతాను. 1972లో స్టాక్‌హోమ్‌లో మానవ పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి సదస్సు ప్రారంభమైన రోజు జూన్ 5. అందువల్ల ఆ తేదీని పర్యావరణ దినోత్సవంగా పెట్టారు, 1973 నుంచి జరుపుతున్నారు. మాట్లాడుకోవడానికి మంచి రోజే. కానీ విజయవాడలో అది రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలని మన పెద్దలు దేనిని అన్నారో ఆ రోజుల్లో, ఉదయం పదిన్నరకు, అతిథిగారు వచ్చేదాకా ఆగి, కాలుతున్న నేలలో లేత మొక్కను పెడుతున్నాం. మృగశిర ప్రవేశించడానికి ఇంకా రెండు మూడు రోజులుంటుంది. తొలకరి పడి నేల తడిసి గట్టిగా వానలు పట్టుకునేసరికి జూన్ చివరో, జూలైయో అవుతుంది. పల్లెలో ఏ రైతును అడిగినా ఆ రోజు మొక్క నాటమని చెప్పడు. దుక్కికి మనకు ఏరువాక పున్నమి ఉంది, నాట్లకు కార్తెలున్నాయి. 1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ దేశమంతటా వనమహోత్సవం మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నది జూలై మొదటి వారం. వాన చూసుకుని పెట్టిన ముహూర్తం అది. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో వనజీవి రామయ్యగారు ఎండాకాలమంతా గింజలు ఏరి, వానలు పడ్డాక రోడ్ల వెంట, కాలువ గట్ల వెంట నాటుకుంటూ పోయేవారు. మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అని పలక వేసుకుని తిరిగే ఆయన కన్నా పెద్ద ప్రచారకుడు తెలుగునాట ఎవరున్నారు? 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో ఆయన పోయారు. ఆయన మెడలోని పలకను జనం నమ్మారంటే, ఆ చేతులకు మట్టి అంటుకుని ఉండేది గనక.

కాబట్టి జూన్ 5న సభ పెట్టుకోండి, ఉపన్యాసాలు చెప్పుకోండి, అభ్యంతరం లేదు. మొక్కను మాత్రం ఆ రోజు నాటకండి.

తరువాత ఫ్లెక్సీలు, సంచులు. దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలతో పాటు 100 మైక్రాన్ల కన్నా పలచని పీవీసీ బ్యానర్లు కూడా ఉన్నాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ప్లాస్టిక్‌ను తరిమికొడదాం అని రాసిన బ్యానరు ఎన్ని మైక్రాన్లుందో మీలో ఎవరైనా ఒక్కసారైనా ప్రింటింగువాళ్ళను అడిగారా? పోయినేడాది మా వంతెన దగ్గర కట్టిన అలాంటి ఫ్లెక్సీ మర్నాటికి టిఫిన్ బండికి పందిరి అయ్యింది, దసరా నాటికి చిరిగి కాలువ గట్టు మీదకు చేరింది. టిఫిన్ బండామె దాన్ని నాలుగు నెలలు వాడుకుంది గనక, ఆ కార్యక్రమం మొత్తంలో కాస్త సద్వినియోగం అయినది అదేనేమో.

మీరు పంచే 'గుడ్డ సంచులు' మరో కథ. ఒక ర్యాలీ చివర నాకు కూడా ఆకుపచ్చ సంచి ఒకటి ఇచ్చారు. ముందు భూగోళం బొమ్మ, వెనుక ప్రాయోజకుల పేర్లు. పట్టుకుంటే గుడ్డలానే ఉంది. ఇంటికి తెచ్చి దాని అంచు నుంచి ఒక పోగు లాగి, మా ఇంట్లోని పాత నూలు చీర పోగు ఒకటి పక్కన పెట్టి, రెండింటికీ అగ్గిపుల్ల అంటించాను. నూలు పోగు కాగితంలా కాలి, వేలితో నలిపితే బూడిదైంది. సంచి పోగు ముడుచుకుపోయి, కరిగి, చివర చిన్న గట్టి పూసలా అయ్యింది. అది పాలీప్రొపిలీన్. నేసిన గుడ్డ కాదు, ఒత్తి అతికించిన ప్లాస్టిక్. అటువంటి సంచులు చదరపు మీటరుకు 60 గ్రాముల కన్నా తేలికైనవి ఉండకూడదని 2021 సెప్టెంబరు 30 నుంచి నిబంధన ఉంది. ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు; అగ్గిపెట్టె చాలు. వచ్చే ర్యాలీకి సంచుల ఆర్డరు పెట్టేముందు మీ విద్యార్థుల చేతే నమూనా సంచి పోగు కాల్పించి చూడండి. ర్యాలీలో రెండు గంటలు నినాదాలిచ్చి నేర్చుకునే దానికన్నా ఆ రెండు నిమిషాల్లో వాళ్ళు ఎక్కువ నేర్చుకుంటారు.

(బైకు ర్యాలీల గురించి రాయబోయి మానుకున్నాను. వాయు కాలుష్యంపై అవగాహన కోసం స్టేడియం నుంచి బెంజ్ సర్కిల్ దాకా వంద మోటారు సైకిళ్ళు హారన్లు కొట్టుకుంటూ వెళ్ళడంలోని విశేషం మీకు వేరే చెప్పక్కరలేదు. ఏటా ఒక గంటసేపు దీపాలు ఆర్పే ఎర్త్ అవర్ సంగతి కూడా అంతే. 2007లో సిడ్నీలో మొదలైన ఆ గంట చీకటిని మా వీధి ట్రాన్స్‌ఫార్మరు మే నెలలో ఎవరూ అడగకుండానే పాటిస్తుంది.)

ఇక నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది కాలువ గురించి. ప్రకాశం బ్యారేజీ నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఈ ఊరి మధ్య నుంచే వెళతాయి. నది ఒడ్డున పుట్టి, మూడు కాలువలను ఇళ్ళ మధ్య పెట్టుకున్న ఊరు ఇది. ఆ నీరే దిగువన పొలాలకు, ఎన్నో ఊళ్ళ మంచినీటి చెరువులకు వెళుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వెళ్ళి చూడండి. అడుగు బురదలో కవర్లు, థర్మాకోల్ ముక్కలు, దిండ్లు, కొబ్బరి చిప్పలు, దేవుడి పటాలు పొరలు పొరలుగా కనిపిస్తాయి. నీళ్ళు వదిలిన రోజున అవన్నీ కదిలి దిగువకు పోతాయి. మన కంటికి కాలువ మళ్ళీ నిండుగా, అందంగా కనిపిస్తుంది.

కాలువలో చెత్త వేయరాదు అన్న బోర్డు మా వంతెన మీద ఉంది, ఎత్తుగా ఇనుప వల కూడా ఉంది. అయినా పడుతూనే ఉంటుంది. రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం సాయంత్రం ఒకాయన స్కూటరు ఆపి, నిండుగా మూటకట్టిన కవరు ఒకటి వల మీదుగా కాలువలోకి విసరబోతుంటే ఆపాను. మర్యాదస్తుడే, చదువుకున్నవాడే. కవరు విప్పి చూపించాడు. చామంతులు, తులసి దళాలు, కుంకుమ అంటిన తమలపాకులు, అగరువత్తి పుల్లలు. "అమ్మా, దేవుడికి పెట్టిన పూలు. చెత్తబండిలో కోడిగుడ్డు పెంకులతో కలిపి వేయమంటారా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అంతకు ముందు ఇరవై ఏళ్ళపాటు పిల్లల చేత 'కాలువలో చెత్త వేయవద్దు' అని రాయించినదాన్ని, ఆయన దృష్టిలో అది చెత్తే కాదన్న సంగతి నాకు ఒక్కసారి కూడా తోచలేదు. నిర్మాల్యం తొక్కుడు పడకూడదు, పారే నీటిలో కలవాలి అని ఆయనకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఒకప్పుడు ఆకులో చుట్టి వదిలేవారు, అది కుళ్ళి చేపలకు మేత అయ్యేది. ఇప్పుడు కవరుతో సహా విసురుతున్నారు, ఎందుకంటే ఆగి విప్పితే ఎవరైనా చూసి తిడతారని భయం. మన ప్రచారం ఆయనలో తెచ్చిన మార్పు అదొక్కటే: ఇప్పుడు తొందరగా విసురుతున్నాడు.

మా సందులోని ముగ్గురం కలిసి ఒక పాత నీలం డ్రమ్ము కొని, చుట్టూ కన్నాలు పెట్టించి, పసుపు రాసి బొట్లు పెట్టి, 'నిర్మాల్యం' అని పెద్ద అక్షరాలతో రాయించి వంతెన మొదట్లో పెట్టాం. అగరువత్తి పుల్లలకు, కవర్లకు పక్కన చిన్న డబ్బా. నినాదం ఏదీ రాయలేదు. నాలుగో రోజుకు డ్రమ్ము సగం నిండింది. శ్రావణ మాసం వచ్చేసరికి వారానికి రెండుసార్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. దగ్గరలోని ఖాళీ స్థలంలో గొయ్యి తీసి, మట్టి, ఎండాకులు, పేడ కలిపి ఎరువు చేశాం. మొట్టమొదట ఆపినాయన ఒకరోజు నన్ను చూసి తలూపి, కవరు విప్పి, పూలు డ్రమ్ములో వేసి, కవరు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. మేం ఆయనకు కొత్తగా బోధించింది ఏమీ లేదు.

ఇది విజయగాథ అనుకోకండి. మొదటి ఏడాదే డ్రమ్ము మూత ఎవరో పట్టుకుపోయారు. మాలో ఒకావిడ కూతురి పురిటికి వెళ్ళి, నేను జ్వరంతో పడి ఉన్న పదకొండు రోజులు దాన్ని ఎవరూ ఖాళీ చేయలేదు. వానకు తడిసి, కుళ్ళి, దోమలు ముసిరి ఎదురింటివాళ్ళు మమ్మల్ని నానా మాటలూ అన్నారు, అందులో తప్పేమీ లేదు. ఆ పదకొండు రోజుల్లో పూలు మళ్ళీ కాలువలో పడ్డాయి. మనుషులు మారలేదని అప్పుడు కొందరు నాతో అన్నారు. డ్రమ్ము నిండిపోతే ఇంకెక్కడ వేస్తారు? వాళ్ళు మారిన రోజూ డ్రమ్మును బట్టే మారారు, వెనక్కి వెళ్ళిన రోజూ డ్రమ్మును బట్టే వెళ్ళారు.

నగరంలో ఇలాంటి డ్రమ్ములు యాభై పెట్టడానికయ్యే ఖర్చు ఒక పెద్ద కార్యక్రమంలో టోపీలకు, టీషర్టులకు, వేదికకు అయ్యే ఖర్చును మించదని నా అంచనా. అయినా డ్రమ్ములు పెట్టేవారు దొరకరు. టీషర్టు పంచిన రోజుతో పని అయిపోతుంది. డ్రమ్ముకు ప్రతి మంగళవారం, ప్రతి శనివారం ఒక మనిషి కావాలి.

ప్రచారంలో వాడే మాటల గురించి కూడా ఒక విషయం గమనించండి. ఊరి కాలువల్లో అందరూ చెత్త పోస్తున్నారు, జనానికి బాధ్యత లేదు, నగరం నాశనమైపోతోంది అని మన ఫ్లెక్సీలన్నీ ఒకే పాట పాడుతుంటాయి. అమెరికాలోని అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే జాతీయ ఉద్యానవనం ఉంది; కోట్ల ఏళ్ళ కిందటివి, రాయిగా మారిన చెట్ల ముక్కలను సందర్శకులు జేబులో వేసుకుపోతుంటారు. రాబర్ట్ చాల్దీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో అక్కడ దారుల్లో గుర్తు పెట్టిన ముక్కలు పరిచి, రెండు రకాల బోర్డులు పెట్టి చూశారు. చాలామంది ముక్కలు ఎత్తుకుపోవడం వల్ల ఈ అడవి పాడవుతోంది అన్న బోర్డు ఉన్నప్పుడు దాదాపు 8 శాతం ముక్కలు మాయమయ్యాయి. దయచేసి తీసుకువెళ్ళకండి అని మాత్రమే చెప్పిన బోర్డు ఉన్నప్పుడు 2 శాతం లోపే పోయాయి. అందరూ చేస్తున్నారని చెప్పి వద్దంటే, మనిషి మొదటి ముక్కే వింటాడు. మా వంతెన డ్రమ్ము మీద ఒకసారి 'ఈ వారం 140 ఇళ్ళ వారు ఇక్కడ పూలు వేశారు' అని సుద్దతో రాయాలని నాకు ఆలోచన. లెక్కపెట్టడానికి ఒక పిల్లవాడు దొరకాలి.

ఫలించిన ప్రచారాలు ఈ దేశంలోనే ఉన్నాయన్నాను. పల్స్ పోలియో గుర్తుచేసుకోండి. ఆ రోజుల్లో మేం ఉపాధ్యాయులం కూడా బూత్‌ల దగ్గర కూర్చున్నాం. రెండు చుక్కలు అన్న మాట దేశంలో చేరని గడప లేదు. నిజమే, అది ప్రచారమే. కానీ చుక్కల మందు మంచు పెట్టెలో వీధి చివరి బూత్‌కు వచ్చింది, వేలి మీద సిరా గుర్తు పడింది, రాని పిల్లల కోసం మర్నాడు ఇంటింటికీ తిరిగారు, తలుపు పక్కన గోడ మీద సుద్దముక్కతో గుర్తు వేశారు, పిల్లలు మిగిలిపోయిన ఇంటికి మళ్ళీ వెళ్ళారు. 2011 జనవరి 13 తరువాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు, 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. పోస్టర్లు అతికించి, ర్యాలీ తీసి, మందు మాత్రం జిల్లా ఆసుపత్రిలో ఉంచి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మన పర్యావరణ ప్రచారాలు సరిగ్గా అలా ఉన్నాయి.

ఎల్ఈడీ బల్బులూ అంతే. విద్యుత్తు ఆదా చేయండి అని దశాబ్దాలపాటు గోడల మీద చదివాం, ఎవరూ ఒక్క దీపం ఆర్పలేదు. పాత బల్బు తెచ్చిచ్చి నామమాత్రపు ధరకు కొత్త బల్బు పట్టుకెళ్ళమన్నప్పుడు మా వీధి మొత్తం వరుసలో నిలబడింది. 2015 జనవరిలో దేశవ్యాప్తంగా ఉజాలా పథకంగా మొదలైన ఆ పంపిణీలో 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్ళకు చేరాయి. వరుసలో నిలబడ్డవాళ్ళలో భూతాపం గురించి ఆలోచించినవారు ఎంతమందో నాకు తెలియదు, కరెంటు బిల్లు గురించి మాత్రం అందరూ మాట్లాడుకున్నారు. ఐర్లండు 2002 మార్చిలో దుకాణంలో ఇచ్చే ఒక్కో ప్లాస్టిక్ సంచికి 15 సెంట్ల పన్ను వేస్తే వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. ఉద్దేశం గొప్పదై ఉండాలన్న పట్టు మనకెందుకు? ఇస్త్రీ బండి అతనికి నీడ కావాలి, కానుగకు నీళ్ళు కావాలి.

ఇక్కడ ఒక అసౌకర్యమైన ప్రశ్న అడగక తప్పదు. మీ ర్యాలీ ఒక్కటైనా బుడమేరు వాగు గట్టు మీదుగా వెళ్ళిందా? 2024 సెప్టెంబరు 1 ఉదయం సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్ళలో నీళ్ళు మొదటి అంతస్తు అందుకున్నాయి. మళ్ళింపు కాలువకు గండ్లు పడ్డాయి, కొల్లేరు వైపు పోవలసిన ఏరుకు ఊళ్ళో దారి ఇరుకైపోయింది. మా చుట్టాలు మూడు రోజులు డాబా మీద ఉండి, మంచినీళ్ళ సీసాల కోసం పడవ వైపు చేతులు ఊపారు. ఆ తరువాత వచ్చిన పర్యావరణ దినోత్సవానికి నన్ను రెండు సభలకు పిలిచారు. రెండింటిలోనూ పిల్లలకు చెప్పింది స్ట్రాలు వాడవద్దని. స్ట్రాలు వాడకూడదు, సరే. కానీ వాగు గట్లు ఎవరు ఆక్రమించారు, లేఅవుట్లు ఎలా లేచాయి, ప్రవాహానికి అసలు ఎంత వెడల్పు ఉండాలి అన్న మాటలు ఒక్క ప్రసంగంలోనూ రాలేదు. ఆ మాటలు ఎత్తితే వేదిక మీద కూర్చున్న ఎవరో ఒకరు నొచ్చుకుంటారని అందరికీ తెలుసు. ఎవరినీ నొప్పించని ప్రచారాలే మనం ఎంచుకుంటున్నాం, అందుకే ఎప్పుడూ తప్పంతా కవరు పట్టుకున్న గృహిణిది అవుతోంది. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో రైతులు, మత్స్యకారులు థర్మల్ విద్యుత్ కేంద్రం పాలు కాకుండా బీల అనే తడి నేలల కోసం 2010లో నిలబడ్డప్పుడు, 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు నిలబడ్డప్పుడు వాళ్ళు ఏ స్థలం, ఏ ఉత్తర్వు, ఎవరు ఆపాలి అన్నది పేరు పెట్టి అడిగారు. వాళ్ళను అందరూ మెచ్చుకోలేదు. సోంపేటలో కాల్పుల్లో ప్రాణాలు కూడా పోయాయి. మీరు అంతకు తెగించాలని నేను అడగడం లేదు, బుడమేరు పేరు మైకులో పలకమంటున్నాను.

విజయవాడకు పని చేతకాదని ఎవరైనా అంటే ఒప్పుకోను. పరిశుభ్రతను బట్టి నగరాలకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2021లో ఇండోర్, సూరత్ తరువాత మూడో స్థానం ఈ ఊరిదే. ఆ స్థానం తెచ్చినవాళ్ళు తెల్లవారుజామున చీపుళ్ళు పట్టుకుని బయలుదేరిన పారిశుద్ధ్య కార్మికులు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వాలని 2016 నిబంధనల్లోనే చెప్పారు. మా అపార్టుమెంటులో వేరు చేసి ఇచ్చే ఇళ్ళు సగం. ఆ సగం కూడా ఎలా అయ్యాయంటే, బండి తోలే అమ్మాయి ప్రతి ఉదయం "కలిపి ఇస్తే నేనే చేత్తో ఏరాలండీ" అని ముఖం మీద చెప్పడం వల్ల. ఆమెను మీ సభకు ఎప్పుడైనా పిలిచారా? పిలిస్తే వేదిక కింద శాలువా కప్పి పంపకుండా, పది నిమిషాలు మైకు ఇవ్వండి.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే జూన్ 5 ఆహ్వాన పత్రిక అచ్చువేసే ముందు, పోయినేడాది మీ సంస్థ ఎన్ని మొక్కలు ఎక్కడ నాటిందో, వాటిలో ఈ మే నెలలో ఎన్ని బతికి ఉన్నాయో వెళ్ళి లెక్కపెట్టి, ఆ అంకెను ఆహ్వాన పత్రిక మీదే వేయండి. సున్నా అయితే సున్నా అనే వేయండి. నేను నా బడి లెక్కలు అంతకన్నా బాగున్నాయని చెప్పలేను. బతికినవి ఎందుకు బతికాయో అక్కడివాళ్ళను అడగండి, ప్రతిచోటా ఒక ఇస్త్రీ బండో, టీ కొట్టో, ఆటో స్టాండో తగులుతుంది. ఈసారి మొక్కలను జూలైలో నాటండి, వందకు బదులు పది నాటండి, ప్రతి మొక్కకు ఎదురుగా నీడ అవసరమైన మనిషిని ముందే వెతికి, జాతి ఏదో అతన్నే ఎంచుకోమనండి. మార్చి నుంచి మే దాకా నీళ్ళు ఎవరు తెస్తారో, డబ్బు ఎవరిస్తారో నాటకముందే కాగితం మీద రాసుకోండి. ర్యాలీకి పెట్టే ఖర్చులో సగం ఒక వంతెనకు, ఒక డ్రమ్ముకు, దాన్ని ఖాళీ చేసే మనిషి జీతానికి ఏడాది పొడవునా పెట్టండి. రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛత కార్యక్రమం జరుగుతోంది గనక కొత్త తేదీ వెతుక్కోవలసిన పని కూడా లేదు; ఆ శనివారం అదే వంతెనకు, అదే మనుషులు రాగలిగితే చాలు.

విద్యార్థులను దయచేసి వరుసల్లో నిలబెట్టి తీసుకురాకండి. లెక్క పుస్తకం ఇచ్చి ఇద్దరిద్దరిని పంపండి. ఎన్ని మొక్కలు చచ్చిపోయాయో రాసుకొచ్చిన పిల్లవాడికి, వ్యాసరచనలో మొదటి బహుమతి వచ్చినవాడికన్నా ఎక్కువ తెలుస్తుంది. ఆ పుస్తకంలో అంకెలు మీకు నచ్చకపోవచ్చు. ఆనాడు మా ఎనిమిదో తరగతి పిల్లవాడి ప్రశ్న నాకూ నచ్చలేదు. "మాట్లాడకుండా తవ్వు" అన్నాను.

మా వంతెన డ్రమ్ముకు ఇంకా మూత లేదు. శ్రావణం లోపు కొత్త మూత, దానికో గొలుసు వేయించాలి. కవరుతో నాటిన మొక్క గుంత ఖాళీగా ఉంది, దాన్ని పూడ్చకుండా ఉంచమని ఇస్త్రీ బండి అతనికి చెప్పాను. వానలు పడ్డాక అక్కడ వేప వేద్దామంటున్నాడు. మీలో ఎవరైనా రాదలిస్తే జూలై రెండో ఆదివారం ఉదయం ఆరింటికి రండి, గునపం మేమే తెస్తాం.

ఇట్లు,
గుణదల నుంచి ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని